నాసరయ్య చెప్పని మాట

నాసరయ్యకి డప్పు దండగ. ఆళ్ళ తాతల కాడ్నించీ మా ఊట్లపాలెంలో చాటింపు పని ఆళ్ళదే. డప్పు కూడా ఉండేదిలే ఇంట్లో, చూరుకి తగిలించి. కానీ ఆ గొంతు ముందు డప్పెందుకు? చావిడి కాడ నిలబడి "ఇనండహో" అన్నాడనుకో, పొలంలో అరక తోలేవోడు ఎద్దుల్ని ఆపేవోడు. ఉయ్యాల్లో బిడ్డ లేచి ఏడ్చేది. వాగవతల తంగెళ్ళపాలెంలో ఆడోళ్ళు బిందెలు కింద పెట్టి, "ఊట్లపాలేనికి ఏమొచ్చిందంటా" అని చెవులు ఇటు పెట్టేవోళ్ళు. నవ్వబాకండి, నిజమే చెప్తన్నా. టీకాలోళ్ళొచ్చారన్నా ఆయనే చెప్పాల, కాలవకి నీళ్ళొదిలారన్నా ఆయనే చెప్పాల, ఎవురి దూడ తప్పిపోయినా, ఎవురింట్లో మనిషి పోయినా ఆయన నోట్లోంచి రావాల్సిందే. ఇయ్యాల మీ చేతుల్లో ఒక్కోళ్ళకీ ఒక్కో ఫోనుందే, అప్పుడు ఊరంతటికీ కలిపి ఒకటే. అది గోంగూర కూడు తిని అరుగు మీద పడుకునేది.

సరే, ఆయనకి పెళ్ళైంది. పిల్ల తంగెళ్ళపాలెం పిల్లే, పేరు గురవమ్మ. చిన్నప్పట్నించీ ఆ గొంతు వాగవతల్నించి ఇంటానే పెరిగింది, మనిషిని మాత్రం పీటల మీదే చూసిందంట. ఇంత గొంతుకి ఇంత సన్నపు మనిషా అని నవ్వొచ్చిందని నాతో చాలాసార్లు చెప్పింది. నాకు వరసకి అత్త అవుద్ది, పక్కిల్లే. బాగానే ఉన్నారు ఇద్దరూ. ఏమైందంటే, ఈమె నెల తప్పింది. మా కాడ ఒక పద్ధతుంది, నీకు తెలుసో తెలీదో అబ్బాయా, పిల్ల నెల తప్పితే ఆ సంగతి మొట్టమొదట కన్నతల్లి చెవిలో పడాల. తల్లి వచ్చి బెల్లంముక్క నోట్లో పెట్టాలి. ఆ తర్వాతే అత్తకైనా, ఆడబిడ్డకైనా. మొగుడికి అసలు చెప్పకూడదనేం లేదులే, కానీ మొగుడు నోరు మూసుకోవాల. గురవమ్మకి ఆగలా. కొట్టంలో పాలు పితుకుతా మొగుడి చెవిలో చెప్పింది. "మా అమ్మకి రేపు కబురంపుదాం, అందాకా గమ్మునుండు" అంది. ఆయన తలూపాడంట. తలూపి చావిడికి పోయాడు. ఆపూట చాటింపు ఏందంటే, బందెలదొడ్డిలో గొడ్లున్నాయి, ఎవురియ్యో ఆళ్ళొచ్చి తోలుకుపోండి అని. చాటాడు. అంతటితో ఊరుకుంటే మనకీ కతెందుకు? సంతోషం పొంగుకొచ్చింది ఆ మడిసికి. "ఇనండహో, మా గురవమ్మ నెల తప్పిందహో" అని అదే గొంతుతో, అదే ఊపులో అనేశాడు!

అనేసినాక తెలిసింది ఆయనకి ఏం చేశాడో. నోరు మూసుకుంటే లోపలికి తిరిగొచ్చిద్దా మాట? వాగవతల గురవమ్మ ఆళ్ళమ్మ రేవులో బట్టలుతుకుతుందంట. పక్కనున్నోళ్ళు, "ఏమే, నీ కూతురు నెల తప్పిందంటగా, బందెలదొడ్డి గొడ్లతో పాటు చాటిస్తన్నారు" అని నవ్వారంట. ఆ తల్లికి తలకొట్టేసినట్టైంది. తడి బట్టలు రాయి మీదే వదిలేసి వాగు దాటొచ్చింది. బెల్లం తేలా. వాకిట్లో నిలబడి "నా బిడ్డ కడుపు సంగతి నేను గాలిలో ఇనాల్సొచ్చింది" అని ఏడ్చి, లోపలికి రాకుండానే ఎల్లిపోయింది. గురవమ్మ మాత్రం ఏడవలా. మొగుడు వచ్చిందాకా ఆగి చెప్పింది. "ఇదిగో, ఇనుకో. ఈ ఇంట్లో నేను అన్న మాట ఏదీ ఇంట్లో ఉండట్లా. నువ్వు నాతో ఒక్క మాట, నాకు తప్ప ఇంకో మనిషికి తెలీకుండా చెప్పు. చెప్పిన నాడు నేను నీతో మాట్టాడతా. అందాకా నా నోట్లోంచి నీకు మాట రాదు." నాసరయ్య "ఓస్, ఇంతేనా" అన్నాడు. గోడవతల మా అత్త, మా ఆయన్ని కన్నామె, "ఇంతేనా అంటన్నాడే గురవమ్మా" అని అటునించి అంది. ఇంకేం చెప్పమంటావు.

అప్పట్నించి మొదలైంది. గురవమ్మ అలిగి పుట్టింటికేం పోలా. వండేది, పెట్టేది, పొలానికెళ్ళేది, జొరమొస్తే కాళ్ళు పట్టేది. మాట మాత్రం బర్రెతో. "ఓ బర్రే, కూడు చల్లారిపోతంది, తినేవోళ్ళని లేవమను." ఆయనేమో, "బర్రే, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పు" అనేవోడు. ఊరంతా ఇనేది. "బర్రే, ఉప్పు చాలని నాలిక్కి వాత పెట్టమంటాడేమో అడుగు" అనేది ఈమె. ముందు బెల్లం పెట్టని తల్లి కానుపుకి వచ్చింది, బిడ్డని చూసి అన్నీ మర్చిపోయింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. ఒసే రవణమ్మా, మాటల్లేకుండా పిల్లలెట్టా పుట్టారని నన్నడగబాక, దానికి బర్రె అక్కర్లేదు. ఆ బర్రె ముసలిదై పోయింది, దాని పెయ్య బర్రైంది, మాటలు దానికి అలవాటు చేశారు. ఆళ్ళింట్లో గొడ్లకి మనుషుల సంగతులన్నీ తెలుసు.

ఆయన ఊరికే ఉన్నాడనుకోబాకండి. గురవమ్మని గడ్డివామి వెనక్కి తీసకపోయి, చెవికాడ నోరు పెట్టి, గుసగుసలాడాడంట. ఆయనకి అది గుసగుస. మా అత్తకి ఒక చెవి పనిచెయ్యదు, ఆమే గోడవతల్నించి "పాపం బతిమాలుకుంటన్నాడు, ఒప్పుకోవే" అందంట. పుట్టుకతో ఆ గొంతుకి కిందిమెట్టు లేదు, ఏం చేస్తాడు? అప్పుడెవురో చెప్పారు, కార్డు రాయించరాదా, కార్డుకి గొంతుండదుగా అని. బడిలో పంతులు కాడికి పోయాడు. "అయ్యా, ఒక కార్డు రాసిపెట్టండి." ఎవురికి అన్నాడు పంతులు. "నా పెళ్ళానికి." యాడుంది అన్నాడు. "ఇంట్లోనే." పంతులు కళ్ళద్దాలు తీసి చూశాడంట ఈయన వంక. సరే ఏదో ఒకటి, చెప్పమన్నాడు. ఈయన చెప్పాడు, పిల్లకాయలంతా పలకలు పక్కన పెట్టి ఇన్నారు. ఆ కార్డు బస్సెక్కి కందుకూరు దాకా పోయి, ముద్ర కొట్టించుకుని, మళ్ళా అదే బస్సులో మా ఊరొచ్చింది. ఇప్పుడు చూడు. అప్పుడు చదువొచ్చినోళ్ళు ఎవురున్నారు? పోస్టాయనే అరుగు మీద కూచుని చదివి పెట్టేవోడు, కార్డంటే బజారంతా చేరేది, అట్టా చేరకపోతే ఆ ఇంటోళ్ళే చిన్నబుచ్చుకునేవోళ్ళు, మా కార్డుకి ఎవురూ రాలేదే అని. "గురవమ్మకు నాసరయ్య రాయించునది. సంతోషంలో నోరు జారినాను. తప్పయినది. ఈ సంగతి నీకొక్కదానికే రాయిస్తున్నాను" అని చదివాడు పోస్టాయన. బజారంతా "ఆహా" అంది. గురవమ్మ కార్డు తీసుకుని, పోయి బర్రె ముందు నిలబడి, "బజారు బజారంతా ఇన్నాక నాకొక్కదానికే ఎట్టా అయిద్దో అడుగు" అంది. కార్డు మాత్రం పారెయ్యలా. చూరులో, డప్పు పక్కన దోపింది.

తర్వాత మైకొచ్చింది. చావిడి మీద రెండు బూరాలు కట్టారు, పంచాయతీ గుమాస్తా కుర్చీలో కూచుని కాళ్ళూపుకుంటా చెప్తాడు, అన్ని బజార్లకీ ఇనపడుద్ది. నాసరయ్యతో పనేముంది ఇంక? రాబాక అని ఎవురూ అనలా, రమ్మని కూడా పిలవలా. ఆయన వచ్చి మంచం మీద కూచున్నాడు. కూడు పెడితే ముట్టలా. నేను అప్పటికే ఈ ఊరికి కోడలిగా వచ్చా, గోడ మీద నించి చూస్తన్నా. గురవమ్మత్త కొట్టంలోకి పోయింది. "బర్రే, ఆ మైకుకి కరెంటు పోతే నోరు పడిపోద్ది. ఈయన గొంతుకి ఏ కరెంటూ అక్కర్లా. ఊరికి అక్కర్లేకపోతే పోనీ, ఈ ఇంటికి ఆ గొంతు లేకపోతే తెల్లారినట్టే ఉండదు. కూడు తినమని చెప్పు" అంది. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. బర్రేం చెప్పిందో ఏమో, నాసరయ్య మావ లేచి చేతులు కడుక్కున్నాడు.

ఆయన్ని మళ్ళా నిలబెట్టింది ఫోనే. చెంచయ్య కొట్టులో పెట్టారు, ఎర్ర డబ్బా. ఊళ్ళో బిడ్డలు యాడెక్కడో పనులకి పోయారుగా, ఆళ్ళ కాడ్నించి ఫోనొస్తే మనిషిని కొట్టు కాడికి పిలవొద్దా? దానికి మళ్ళా నాసరయ్య మావే కావాల్సొచ్చాడు. "ఓ కోటమ్మా, నీ కొడుకు ఫోన్లో ఉన్నాడు, పొయ్యి ఆర్పి రా" అని కొట్టు ముందు నిలబడి ఒక కేకేస్తే, ఏ పొలంలో ఉన్నా పరిగెత్తుకొచ్చేది. ఆ మర్యాదతో పాటు ఫోను మాట్టాడేది ఎట్టాగో కూడా ఆయనే నేర్పాడు మా అందరికీ. ఎట్టా నేర్పాడంటే, దూరాన్ని బట్టి గొంతు. ఒంగోలైతే ఒక మాదిరిగా చాలు, హైదరాబాదైతే గట్టిగా, దుబాయైతే బొడ్డు కాడ్నించి అరవాల. మేం అరిచాం! ఎవురికి తెలుసు, తీగలో మాట నడిచి పోద్దనుకున్నాం. నేను మా తమ్ముడితో మాట్టాడి ఇంటికొచ్చేసరికి, మా అత్త "మీ మరదలికి మోకాళ్ళ నొప్పులంటగా" అంది. ఊళ్ళో ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలీందంటూ లేదు. ఒకళ్ళకి కష్టమొచ్చిందని ఫోనొస్తే, ఆ మనిషి ఫోను పెట్టేసి ఎనక్కి తిరిగేసరికి నలుగురు నిలబడి ఉండేవోళ్ళు. అదొక బాగుండేదిలే.

ఆ రోజుల్లోనే ఏమైందంటే, గురవమ్మత్త తల్లికి ఒంట్లో బాలేదని తంగెళ్ళపాలెం పోయింది. అక్కడా ఒక కొట్టులో ఫోను పెట్టారు. మావకి దారి దొరికింది. ఫోనంటే చెవిలో మాట, ఇంకో మనిషికెట్టా ఇనపడుద్ది? ఫోను చేసి, గురవమ్మని పిలవమని చెప్పి, ఆమె వచ్చినాక మొదలుపెట్టాడు. వేరే ఊరు కదా, తగ్గట్టు గొంతు పెంచాడు. మధ్యలో ఏముంది, వాగేగా! అక్కడ కొట్టు ముందున్నోళ్ళకి ముందు గాలిలో ఇనపడిందంట, ఆనక ఫోన్లో ఇనపడిందంట. అక్కడ బర్రె లేదుగా, గురవమ్మత్త కొట్టాయనతో చెప్పింది. "ఫోను పెట్టేసి వాగు గట్టు మీదికి రమ్మని చెప్పు అన్నా, ఊరికే తీగ అరిగిపోద్ది." రెండూళ్ళూ నవ్వుకున్నాయి. మావ మాత్రం ఆ రోజు కొట్టు మెట్టు మీద చాలాసేపు కూచున్నాడు. "ఈ జన్మకి నా వల్ల కాదులే కోడలా" అన్నాడు నాతో. అట్టా దిగులుగా ఆయన్ని నేనెప్పుడూ చూళ్ళా.

ఇంకొన్నాళ్ళకి గుట్ట మీద టవరు లేచింది, చేతి ఫోనులొచ్చినయ్. చెంచయ్య కొట్టులో ఎర్ర డబ్బా మీద కోడి గుడ్లు పెట్టేది. పిలిచే పని కూడా పోయింది మావకి. ఎవురికి వాళ్ళే నడుచుకుంటా, గాల్లో చేతులూపుకుంటా మాట్టాడతన్నారు, ఏం మాట్టాడతన్నారో పక్కోడికి తెలీదు. ఆళ్ళ పెద్దోడు ఒంగోల్లో ఉంటాడు, అమ్మకొకటి నాన్నకొకటి చిన్న ఫోనులు కొనిచ్చాడు. గురవమ్మత్తకి చదువు రాదని ఆ పెద్దోడి పెళ్ళాం దాంట్లో పేర్లకి బదులు బొమ్మలు పెట్టింది, పెద్దోడికి బస్సు బొమ్మ, చిన్నోడికి సైకిలు బొమ్మ, కూతురికి పువ్వు బొమ్మ. నాన్నకేం బొమ్మ పెట్టేదంటే గురవమ్మత్త సిగ్గుపడతా, "బర్రె బొమ్మ పెట్టవే" అంది. మావకి మిగిలిన పని ఒక్కటే. బర్రెని తోలుకుని వాగు గట్టుకి పోయేవోడు, పొద్దు నడినెత్తికొచ్చినాక "బర్రెకి ఆకలైతందహో, కూడంపమనండహో" అని ఒక కేకేసేవోడు. ఆ కేక ఇని ఊళ్ళో ఆడోళ్ళంతా పొయ్యి మీద నించి కుండలు దించేవోళ్ళు, పొలాల్లో కూలోళ్ళు కొడవళ్ళు పెట్టేవోళ్ళు. మా ఊరికి అదే గడియారం. గురవమ్మత్తకి మాత్రం రోజూ ముఖం ఎర్రబడేది, తన మొగుడి ఆకలి ఊరంతా పంచుకుంటందని.

ఒకనాడు పాల వ్యాను నడిపే మస్తాను వాగు కాడ ఆగి, ఫోను చెవి కాడ పెట్టుకోకుండానే ఒకసారి నొక్కి, మోగినాక ఆపేశాడంట. మావ అడిగాడు, "ఏందిరా, మాట్టాడకుండానే పెట్టేశావు" అని. "మిస్సుడు కాలు పెద్దాయనా. మా ఇంటిదానికి. బయల్దేరానని." నువ్వేం చెప్పలేదుగదరా అన్నాడు మావ. "చెప్పేదేముంది, మోగితే చాలు, దానికి తెలుసు." పక్కనోళ్ళు ఇంటారుగా అన్నాడు మావ. "మోత ఇంటారు. మాట ఎట్టా ఇంటారు, నేను అన్లేదుగా." అని ఎల్లిపోయాడు మస్తాను. మావ అక్కడే నిలబడిపోయాడంట. బర్రె పోయి పక్కోళ్ళ జొన్నచేలో పడింది, ఆళ్ళు తిడతన్నా ఇనపడలా ఆయనకి.

మర్నాడు మేం గురవమ్మత్త వసారాలో కూచుని వేరుశనక్కాయలు వలుస్తన్నాం, నేనూ, కోటమ్మా, ఇంకో నలుగురు. పొద్దు నడినెత్తికొచ్చింది. కేక రాలా. ఇంకొంచెం పొద్దు వాలింది. రాలా! కోటమ్మ చేతిలో కాయ అట్టనే ఉంది. "ఏమైందే, నాసరయ్యన్న అరవలేదే" అంది. బజార్లో మొగోళ్ళు ఇళ్ళల్లోంచి బయటికొచ్చారు. పొయ్యి మీద కుండలు మాడిన వాసన. ఇన్నేళ్ళల్లో కేక రాని పూటంటూ లేదు, వానైనా జొరమైనా. "పాము ముట్టిందేమో" అన్నారెవురో, "గుండె పట్టుకుందేమో" అన్నారింకొకళ్ళు. అంతే, ఊరు ఊరంతా వాగు దారి పట్టింది. మా ఆయన కూడా పంచ ఎగ్గట్టుకుని పరిగెత్తాడు. గురవమ్మత్త చేట పట్టుకుని లేచింది, గింజలన్నీ కింద పోయినయ్. అప్పుడు గూట్లో ఆమె ఫోను మోగింది. మోగి, ఆగిపోయింది.

తీసి చూసింది. బర్రె బొమ్మ. మేమంతా మెడలు చాచాం. "ఎవురూ? మావేనా? ఏమంటన్నాడు?" అంటన్నాం. ఆమె ఆ బొమ్మ వంక చూసింది, మా మొకాల వంక చూసింది. ఒక్కొక్కళ్ళనే చూసింది. మాకెవురికీ తెలీదు. మోత మా అందరి చెవుల్లోనూ పడింది, మాటేందో ఆమెకొక్కదానికే తెలుసు. ఆ మొకం నేను మర్చిపోలేనమ్మా. కళ్ళంబడ నీళ్ళు, పెదాలు మాత్రం నవ్వుతున్నయ్. ఏం మాట్టాడకుండా లేచి పెరట్లోకి పోయింది. అబద్ధమెందుకు, నేనూ ఎనకమాలే పోయి గోడకి చెవి పెట్టా. ఆమె ఫోను నొక్కి చెవి కాడ పెట్టుకుంది. ఏదో అంది. ఎంత మెల్లగా అందంటే, నాకు గాలి కూడా ఇనపళ్ళా. అక్కడ గట్టు మీద ఏం జరిగిందో మా ఆయన చెప్పాడు. ఊరంతా పోయేసరికి మావ బాగానే ఉన్నాడంట, రాయి మీద కూచుని, ఫోను రెండు చేతుల్లో పట్టుకుని. అప్పుడే అది మోగింది. ఎత్తాడు. ఇన్నాడు. ఆ నోట్లోంచి మాట రాలా, ఎప్పుడన్నా చూశామా అట్టా అని అందరూ బిత్తరపోయారంట. "ఎవురు నాసరయ్యా?" "మా గురవమ్మ." "మాట్టాడిందా! ఏమంది?" ఊరంతా చుట్టూ మూగింది. మావ లేచి నిలబడ్డాడు, రొమ్ము నిండా గాలి పీల్చాడు, నోరు తెరిచాడు. వాగవతల రేవులో ఆడోళ్ళు కూడా బిందెలు దించారంట, చాటింపు వస్తందని. మావ అట్టా ఒక్క నిమిషం నిలబడి, నోరు మూసుకున్నాడు. తలపాగా సర్దుకుని, బర్రెని తోలుకుని ఇంటికొచ్చేశాడు.

అంతే కత. ఆ తర్వాత ఇద్దరూ మాట్టాడుకునేవోళ్ళు. ఆయనకి గొంతు తగ్గలా, ఊరంతా ఇనేది, ఆమె పట్టించుకోలా. పొద్దు నడినెత్తికొస్తే ఆ ఇంట్లో ఫోను ఒకసారి మోగేది, మేం కుండలు దించేవోళ్ళం. బర్రె మాత్రం పాలు తగ్గించింది. ఎవురూ పలకరించట్లేదని బెంగపెట్టుకుందేమో పాపం. ఇప్పుడైతే ఏం చెప్పమంటావు, ఎవురు ఏం తిన్నారో ఆ ఫొటోలు కూడా ఫోన్లో వచ్చేస్తన్నయ్, పక్కింటి కోటమ్మ పోయిన సంగతి మాత్రం నాకు హైదరాబాదులో ఉన్న మనవరాలు చెప్పాల్సొచ్చింది. తలుపేసుకుని పడుకున్నా, తెలీలా. బాగుందా బాలేదా అంటే, బాగానే ఉందనుకో. మనవరాలి మొకం రోజూ చూస్తన్నాగా. మావా అత్తా ఇద్దరూ పోయారు, ఆమె ఆరోజు ఏమందో ఆళ్ళతోనే పోయింది. ఇద్దరినీ విడివిడిగా అడిగా నేను, బతిమాలి అడిగా. ఊరంతటికీ నోరైన మనిషి, ఆ ఒక్కటి మాత్రం చెప్పలా. మాటలు పట్టే నీ పెట్టెలో ఎర్ర లైటు ఇంకా ఎలుగుతానే ఉందే అబ్బాయా, ఎందుకు? నాకే తెలీదంటుంటే దానికేం చెప్పను. ఆపెయ్యి, కూడు తిందువు రా.